ఇష్టానికి అయిదు తక్కువ

డ్వోరెక్, నెబ్రాస్కా
జూన్ 3, 1973

ఎమిల్ అన్నయ్యా,

నువ్వు ఏ ఊళ్లో, ఏ మోటెల్లో ఉన్నావో ఆ దేవుడికే తెలియాలి. అందుకని ఈ ఉత్తరం మీ క్లబ్బు ఆఫీసుకి పంపుతున్నాను. వాళ్లే నీకు చేరుస్తారు. అరవై ఒకటొచ్చినా కాలు ఒకచోట నిలవని మనిషికి చెల్లెలిగా పుట్టాను, ఎవరిననుకుని ఏం లాభం!

పోయిన మంగళవారం వడగళ్లు పడ్డాయి. చెర్రీ చెట్టు పిందెలన్నీ నేలపాలు. షెడ్డు రేకుకి రెండు చోట్ల చిల్లు. మా ఆయన ఒట్టో ఉంటే మర్నాడే నిచ్చెన వేసేవాడు. ఆయన పోయి ఈ ఆగస్టుకి నాలుగేళ్లు. ప్రార్థన చెప్పిస్తున్నాను, నువ్వు రావని తెలుసు.

అసలు సంగతి మైలో గురించి. నీ మేనల్లుడు కెల్టన్ బేస్‌బాల్ జట్టులో బంతి విసరబట్టి ఇది మూడో ఏడు. అదే చిన్న లీగు, అదే బస్సు. అక్టోబరుకి ఇరవై రెండు నిండుతాయి. ఇక్కడ మాంసం ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ క్రేచీ మొన్న చర్చి దగ్గర ఆపి, "వ్లాస్తమ్మా, మీ ఆయన నిలబడ్డ చోటు ఖాళీ అవుతోంది. సెప్టెంబరాఖరు దాకా ఎలాగోలా ఆపుతాను. ఆ తర్వాత నా చేతుల్లో లేదు" అన్నాడు. ఆ చోటు పోతే మళ్లీ ఎప్పటికో.

అలాగని వాడు చెయ్యి తిరిగిన ఆటగాడైతే నేనెందుకు అడ్డుపడాలి? వాళ్ల కోచ్ పోయిన నెల వాడి భుజం తట్టి, "నీ బుర్ర బంగారంరా. ఏదో ఒకనాటికి గొప్ప కోచ్‌వి అవుతావు" అన్నాడట. నేను గసగసాలు పెట్టి కొలాచీ రొట్టెలు చేసి చర్చిలో అందరికీ పంచాను.

ఆటగాళ్లని వెతికే స్కౌటువి, ఊళ్లో పిల్లలందరినీ చూసి అంకెలు వేస్తావు కదా. వాడినీ ఒకసారి చూడు. వాడు పెద్ద లీగుకి వెళతాడా, వెళ్లడా? కాకిపిల్ల కాకికి ముద్దు, నా కళ్లు నమ్మడానికి లేదు. నువ్వు చెప్పినట్టు చేస్తాను.

నీ చెల్లెలు,
వ్లాస్తా


ఇల్లినాయి, ఏదో మోటెల్
జూన్ 14, 1973

చెల్లీ,

ఉత్తరం అందింది. ఈ మోటెల్లో దిండు మరీ పల్చన, నా కోటు మడిచి పెట్టుకుంటున్నాను. పక్కనున్న హోటల్లో ఆపిల్ పై మాత్రం బాగుంది.

ముందుగా ఒక మాట. ఇల్లలకగానే పండగ కాదు. కొలాచీలు పంచే ముందు నన్ను అడిగి ఉండాల్సింది. మా లోకంలో ఇరవై ఏళ్ల కుర్రాడితో "గొప్ప కోచ్‌వి అవుతావు" అని ఎవరైనా అన్నారంటే, నువ్వు గొప్ప ఆటగాడివి కావు అని మర్యాదగా చెప్పడం. నిన్ను బాధపెట్టాలని కాదు, రేపు ఇంకెవరో చెబితే విని ఏడవకూడదని.

అంకెల సంగతి అడిగావు. బళ్లో మాస్టారు వేసే మార్కుల్లాంటివి కావు. ఇరవైతో మొదలై ఎనభైతో అయిపోతాయి. ఈ రోజు ఎలా ఆడుతున్నాడో ఒక అంకె, అయిదేళ్ల తర్వాత ఏమవుతాడో ఇంకొక అంకె. రెండోదాని కోసమే నాకు జీతం ఇచ్చేది. యాభై అంటే పెద్ద లీగులో రోజూ ఆడే మనిషి. అరవై అంటే జనం పేరు పెట్టి అరిచే మనిషి. ఎనభై నేను ఇరవై అయిదేళ్లలో ఇద్దరికే వేశాను. నలభై అంటే తలుపు దాకా వెళ్లేవాడు. లోపల ఎవడికైనా కాలు బెణికితే నాలుగు రోజులు వాడి కుర్చీలో కూర్చుని మళ్లీ బస్సెక్కుతాడు. ముప్పై అయిదు అంటే ఇంకా ఘోరం. పెద్ద లీగుకి వెళ్లే కుర్రాళ్లు ఆడాలంటే ఎదురుగా మనుషులుండాలి కదా, ఆ మనుషులన్నమాట. ఆ సంగతి వాళ్లకి ఎవరూ చెప్పరు.

మా ప్రూయిట్, అంటే ఆఫీసులో నా పైవాడు, ఎలాగూ నన్ను కెల్టన్ పంపుతున్నాడు. బంతి విసిరే మా పిచ్చర్‌నొకణ్ణి వాళ్లకిచ్చి ఆ జట్టులోంచి ఇద్దరు కుర్రాళ్లని తెచ్చుకోవాలని ఆలోచన. మైలోనీ చూస్తాను. మేనల్లుడని చెప్పాను. "అయితే ఏం, నీ కళ్లు నాకు తెలియవా" అన్నాడు ప్రూయిట్.

నాకొక అలవాటుంది, నీకెప్పుడూ చెప్పలేదు. యాభై ఎనిమిదిలో ఆర్కాన్సాలో ఒక కుర్రాణ్ణి చూశాను. వాడు నవ్వితే ఎదురు నవ్వకుండా ఉండలేం. అరవై వేశాను. రెండేళ్లకి వాడు ఇంటికెళ్లి విత్తనాల కొట్లో కూర్చున్నాడు. నేను వేసింది వాడి ఆటకి కాదు, నవ్వుకి. అప్పటినుంచి, ఎవడైనా నాకు నచ్చితే వాడి అంకెలోంచి అయిదు తీసేస్తాను. ఇష్టానికి అయిదు తక్కువ. ఆ లెక్క నన్ను ఇంతకాలం ఈ ఉద్యోగంలో నిలబెట్టింది.

షెడ్డు రేకు మీద తారు పూయించు.

ఎమిల్


డ్వోరెక్
జూలై 2, 1973

అన్నయ్యా,

కోచ్ మాట గురించి నువ్వు రాసింది చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. చర్చిలో మిసెస్ హావ్లిక్ "మీవాడు కోచ్ అవుతాడటగా" అంటే తల ఊపి తప్పుకున్నాను. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటావు. ఉలుకు కాదు, సిగ్గు.

అది పోనీ. మైలో దగ్గరినుంచి నిన్న ఉత్తరం వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తాను: "ఎమిల్ మామయ్య వచ్చాడమ్మా. బ్యాటర్ నిలబడే ప్లేటు వెనక మడతకుర్చీ వేసుకుని, టోపీ కళ్ల మీదికి లాక్కుని మూడు రోజులు కూర్చున్నాడు. నేను చెయ్యి ఊపితే తల ఎత్తలేదు. ఆట అయ్యాక పరిగెత్తుకుంటూ వెళ్లాను, అప్పటికే కారెక్కేశాడు. నేనేమన్నా తప్పు చేశానా?"

నువ్వేం మనిషివి? అయిదేళ్ల తర్వాత కనబడ్డ మేనల్లుడితో బాగున్నావా అని ఒక మాట అంటే నీ సొమ్మేం పోయింది? వాడికి నీ గురించి ఎంత చెప్పుకుంటానో తెలుసా? "మామయ్య నాలుగు లక్షల మైళ్లు తిరిగాడు" అని వాడు జట్టులో కుర్రాళ్లకి చెప్పుకుంటాడట.

చూశావు కదా, చెప్పు మరి. మెత్తగా చెప్పాలని చూడకు.

వ్లాస్తా


అయోవా
జూలై 16, 1973

చెల్లీ,

తిట్టావు, పడ్డాను. వాడితో మాట్లాడకపోవడం కోపం వల్ల కాదు, నా పని తీరు అంతే. కుర్రాడితో కలిసి భోజనం చేశావంటే మర్నాడు వాడి బంతి నీ కంటికి ఒక జానెడు ఎక్కువ వంగుతుంది. ముప్పై రోజులు అన్నం తినని స్కౌట్లూ ఉంటారు, కానీ మనసు మెత్తబడని స్కౌట్ నాకు కనబడలేదు. అందుకే టోపీ లాక్కున్నాను.

మెత్తగా చెప్పొద్దన్నావు. వాడి వేగం మామూలే. పెద్ద లీగు బ్యాటర్లు అలాంటి వేగాన్ని నిద్రలో కొడతారు. ఎడమచేతి వాటం ఒక్కటే కలిసొచ్చేది. భుజాలు ఇంకా విచ్చుకోవాల్సినవి, కానీ ఒట్టో భుజాలు గుర్తున్నాయి కదా, ఆ కొమ్మకి ఎంత కాయ కాస్తుందో మనకి తెలుసు. అలిసిపోయాక మోచెయ్యి కిందికి జారుతోంది.

నలభై రాశాను.

క్రేచీకి చెప్పి చోటు ఆపించు. మైలోకి ఈ సీజను పూర్తి చేయనివ్వు, మధ్యలో లాక్కురాకు, అది బాగుండదు.

మొన్న కారు రేడియేటర్ కారి దారిలో మూడు గంటలు మొక్కజొన్న చేను పక్కన కూర్చున్నాను. ఈ వయసులో అది కూడా విశ్రాంతే.

ఎమిల్


డ్వోరెక్
అక్టోబరు 7, 1973

అన్నయ్యా,

మైలోని తీసేశారు. సెప్టెంబరు అయిదున సీజను అయింది, పదకొండున ఉత్తరం వచ్చింది. రెండే వాక్యాలు. ఒకదానిలో వాడి పేరు తప్పు రాశారు.

ఇప్పుడు ఫ్యాక్టరీలో వాళ్ల నాన్న నిలబడ్డ చోటే నిలబడుతున్నాడు, మాంసం నిలవుంచే చలిగదిలో. ఒట్టో టిఫిన్ డబ్బాయే పట్టుకెళుతున్నాడు. కొత్తది కొంటానంటే ఒద్దన్నాడు. డ్యూటీ దిగి వచ్చాక షెడ్డు గోడకి బంతి కొడతాడు. వంట చేస్తున్నంతసేపూ ఆ చప్పుడే. రోజూ వచ్చీ రాగానే మొదటి మాట, "ఉత్తరాలేమైనా వచ్చాయా అమ్మా?" ఇంకో క్లబ్బు ఏదైనా పిలుస్తుందని వాడి ఆశ. లేదని చెప్పడం నా పని.

ఇన్నాళ్లూ మనసులో పెట్టుకున్నాను, ఇవాళ అడిగేస్తున్నాను. నలభై ఎనిమిదిలో మన ఊరి జట్టులో ఒట్టో బంతి విసురుతుంటే చూసి, నువ్వు ఆయనతో ఏమన్నావో గుర్తుందా? "ఒట్టో, నీకు ఫ్యాక్టరీయే మంచిది." ఆయన నీతో చచ్చేదాకా మాట్లాడలేదు. ఇప్పుడు ఆయన కొడుక్కీ అదే మాట. ఒట్టో మీది కోపం వీడి మీద తీర్చుకున్నావా?

నీ అయిదు తీసివేత సంగతి నాకు గుర్తుంది. మైలోకి ఆ బాధ లేదులే, నీకు వాడంటే ఇష్టం ఎప్పుడుంది గనక!

నిజం చెప్పు. నువ్వు నిజంగా నలభయ్యే చూశావా?

వ్లాస్తా


మిస్సోరి
నవంబరు 12, 1973

వ్లాస్తా,

నీ ఉత్తరం నాలుగు సార్లు చదివాను. జవాబు మూడు సార్లు రాసి చింపేశాను.

ఒట్టోకి ఆ రోజు నిజమే చెప్పాను. ఆయన ముప్పై మనిషి. చెప్పకపోతే పదేళ్లు బస్సుల్లో తిరిగి, చెయ్యీ పాడుచేసుకుని, అప్పుడొచ్చి ఫ్యాక్టరీ తలుపు తట్టేవాడు. నిన్ను చేసుకునేవాడు కాదు, మైలో పుట్టేవాడు కాదు. ఆ మాటకి నన్ను ద్వేషించాడు, పోనీ, అది ఆయన హక్కు. నేను ఇంతవరకు ఒక్క కుర్రాడి మీదా కోపంతో రాయలేదు. నలభై రాశాను, నా సంతకం ఉంది, దానికి కట్టుబడి ఉన్నాను. ఇష్టాల గురించి నీకేం తెలుసని మాట్లాడతావు?

ఇంకొక సంగతి చెబుతాను, బాగా విను. ఫిబ్రవరిలో వసంతకాలపు సాధన శిబిరాలు మొదలయ్యే ముందు కొన్ని క్లబ్బులు ఇలా తీసేసిన కుర్రాళ్లకి ఉత్తరాలు రాస్తాయి, రమ్మని. ఎందుకనుకున్నావు? అసలు బ్యాటర్లకి సాధన చేయించడానికి బంతులు విసిరే చేతులు కావాలి. నెల రోజులు వాడుకుని మార్చి ఆఖరుకి బస్సు టికెట్ ఇచ్చి పంపేస్తారు. వీడు ఆ నెల కోసం ఫ్యాక్టరీలో చోటు వదులుకుంటాడు. ముప్పై ఏళ్లొచ్చినా అలా శిబిరం శిబిరం తిరిగేవాళ్లని చూశాను. మోటెల్ వరండాలో బట్టలు ఆరేసుకుంటూ, "ఈ ఏడు తప్పకుండా సార్" అంటారు నాతో. వాళ్ల కళ్లలోకి చూడలేను. అలాంటి పిలుపు వస్తే వాణ్ణి పంపకు. ఆశ పెట్టి వేలాడదీయడం కంటే పాపం లేదు.

పెట్రోలు దొరకడం లేదు. బంకుల దగ్గర వరసలు. ఆదివారం కదలలేకపోయాను.

ఎమిల్


డ్వోరెక్
ఫిబ్రవరి 24, 1974

అన్నయ్యా,

నవంబరు ఉత్తరానికి ఇప్పుడు జవాబు రాస్తున్నాను. ఇక్కడ మంచు కిటికీ అంచు దాకా ఉంది. పంప్ రెండు సార్లు గడ్డకట్టింది. కోడిపెట్టలు నాలుగు పోయాయి.

మైలోకి పని బాగానే అలవాటైంది. క్రేచీ మెచ్చుకుంటున్నాడు. చలిగదిలో నిలబడి నిలబడి ఎడమచేతి వేళ్లు వాచాయి. పొద్దున్నే పిడికిలి బిగించలేకపోతున్నాడు, గోరువెచ్చటి నీళ్లలో పావుగంట పెట్టి వెళతాడు. జనవరి దాకా షెడ్డు గోడ చప్పుడు వినిపించేది. ఇప్పుడు అప్పుడప్పుడే. ఉత్తరాల సంగతి మాత్రం రోజూ అడుగుతాడు.

అక్టోబరులో నోరు పారేసుకున్నాను, క్షమించు. నువ్వు నా మంచికి చెప్పావని ఒప్పుకోవడానికి ఇన్ని నెలలు పట్టింది. నీ నవంబరు ఉత్తరం పట్టుకుని ఈ నెలలో ఒక పని చేశాను. ఏమిటని అడగకు. చేశాక మూడు రోజులు జ్వరమొచ్చినట్టుంది, కానీ నువ్వే చెప్పావు కదా అని ధైర్యం తెచ్చుకున్నాను. నీ మాట మీద నాకు ఎప్పుడూ గురి. నాన్న పోయాక నాకు అన్నం పెట్టినవాడివి, అక్షరం నేర్పినవాడివి.

రేపు కొలాచీలు పోస్టులో పంపుతాను. ఎండిపోతే కాఫీలో ముంచుకో.

నీ చెల్లెలు,
వ్లాస్తా


పోస్టుకార్డు, ఫ్లోరిడా
మార్చి 6, 1974

చెల్లీ, కొలాచీలు అందాయి, రాళ్లలా ఉన్నాయి, రుచి తగ్గలేదు. నువ్వు చేసిన ఆ పని, వాడి గ్లవ్ దాచిపెట్టడమే కదూ? నాకు తెలుసులే. మంచి పని చేశావు. కళ్లెదుట లేకపోతే మనసు కుదుటపడుతుంది. వేళ్లకి పంది కొవ్వు రాయమను. ఇక్కడ ఎండ. నా మోకాళ్లు నీకు దండాలు చెబుతున్నాయి. ఎమిల్.


ఫ్లోరిడా
ఏప్రిల్ 11, 1974

వ్లాస్తా,

ఈ ఉత్తరం కూర్చుని నెమ్మదిగా చదువు.

నాకు ఇది ఆఖరి సీజను. కొత్తగా ఒక యంత్రం వస్తోంది, తుపాకీలా పట్టుకుని గురిపెడితే బంతి వేగం చెబుతుందట. బంతి చప్పుడు విని వేగం చెప్పే నా చెవులతో ఇక పనేముంది? మొన్న ప్రూయిట్ పిలిచి, "ఎమిల్, నీ పాత రిపోర్టులు ఒక పెట్టెలో పెట్టించాను, ఇంటికి తీసుకెళ్లు, జ్ఞాపకంగా ఉంటాయి" అన్నాడు. మనిషి మంచివాడే. పెట్టె తెరిచి చూస్తుంటే మైలో కాగితం దొరికింది. నేను రాసిన నలభైని ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన ముప్పై అయిదు అని ఉంది. ప్రూయిట్ చేతిరాత.

"ఇదేమిటి?" అన్నాను.

"మేనమామవి కదా. ఎంత నిజాయితీపరుడివైనా సొంత రక్తం, ఒక అయిదు ఎక్కువేసి ఉంటావని తగ్గించాను. నువ్వైనా అదే చేస్తావు" అన్నాడు.

"నేను ముందే తగ్గించాను" అన్నాను.

"ఎంత?" అన్నాడు.

"పది."

ప్రూయిట్ ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని మళ్లీ చూశాడు. తర్వాత, "అదేంటయ్యా, ఒక్క ముక్క రాసి ఉండకూడదా పక్కన" అన్నాడు. రాయలేదు. ఇన్నేళ్లలో ఎప్పుడూ రాయలేదు. అది నా సొంత లెక్క, ఎవరికీ చెప్పేది కాదు.

నువ్వు అక్టోబరులో అడిగావు, నిజంగా నలభయ్యే చూశావా అని. నేను నలభై రాశాను అని జవాబిచ్చాను. చూశానని రాయలేదు, నీకు తెలిసి ఉండదు, నాకు తెలుసు. ఇప్పుడు చెబుతున్నాను. రెండో రోజు ఆరో ఇన్నింగ్స్. మూడు బేసుల మీదా ఎదుటి జట్టు మనుషులున్నారు. మొదటి బేసు దగ్గర మైలో జట్టు కుర్రాడు చేతిలో పడ్డ బంతి వదిలేశాడు. ఏ పిచ్చరైనా నేలని తన్నుతాడు. మైలో వాడి దగ్గరికి నడిచి వెళ్లి, ఏదో చెప్పి నవ్వించి వచ్చాడు. తర్వాత తొమ్మిది బంతుల్లో ముగ్గురు బ్యాటర్లని అవుట్ చేసి పంపేశాడు. నేను కళ్లు మూసుకుని విన్నాను. క్యాచర్ గ్లవ్‌లో ఆ బంతి పడే చప్పుడు గొడ్డలి ఎండుకట్టె మీద పడ్డట్టుంది. భుజాలు ఒట్టోవి కావు, మన నాన్నవి. ఇంకా విచ్చుకుంటాయి. యాభై, వ్లాస్తా. నా కంటికి కనబడింది యాభై. టోపీ కళ్ల మీదికి లాక్కున్నది ఎందుకనుకున్నావు, వాడు చెయ్యి ఊపితే నాకు ఏడుపొచ్చింది. అంత నచ్చాడు కాబట్టి అయిదు తీశాను. నా చెల్లెలి కొడుకు కాబట్టి ఇంకో అయిదు తీశాను. ప్రూయిట్ ఇంకో అయిదు తీశాడు. ఒక్క ఇష్టానికి వాడు మూడు సార్లు శిక్ష అనుభవించాడు.

ఇంకా ఉంది. ఆ ముప్పై అయిదు మా ఆఫీసులో ఆగలేదు. ఆటగాళ్ల బేరం మాట్లాడుకునేటప్పుడు కెల్టన్ వాళ్ల చెవిన పడింది. "సొంత మేనమామే ముప్పై అయిదు వేశాడట" అని. మామే వద్దన్నవాణ్ణి ఎవరు ఉంచుకుంటారు? అందుకే తీసేశారు.

నిన్ననే నా పాత స్నేహితుడు బాస్కమ్‌కి ఫోన్ చేశాను. వేరే క్లబ్బులో పిచ్చర్లని చూసేది అతనే. ఒకసారి మా మైలోని చూడమని బతిమాలాను. అతను ఏమన్నాడో తెలుసా? "కెల్టన్లో నేనూ చూశాను కదయ్యా. నువ్వేసిన అంకె నేను నమ్మలేదు. ఫిబ్రవరిలో మేమే రాశాం, శిబిరానికి రమ్మని. బ్యాటర్లకి బంతులు విసరడానికి కాదు, జట్టులో చోటుకే. ఆట మానేశాను, ఉద్యోగంలో కుదురుకున్నాను, థాంక్స్ అని జవాబొచ్చింది. చక్కటి గుండ్రటి అక్షరాలు. ఆ చోటు ఇంకో కుర్రాడికిచ్చేశాం. ఇప్పుడిక కుదరదు. ఏడాది మానేసిన చెయ్యి, ఇరవై మూడో ఏడు, వచ్చే ఏడు మాత్రం ఎవరడుగుతారు?"

వాడికేమన్నా పిచ్చా? అంత మంచి పిలుపు ఎందుకు కాదన్నాడు? నా మీద కోపంతోనా? మైలో రాత కోడి కెలికినట్టుంటుంది కదా, గుండ్రటి అక్షరాలేమిటి? అడిగి నాకు రాయి.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను. తెలుసు. అయినా నీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

అన్నయ్య


డ్వోరెక్
ఏప్రిల్ 28, 1974

అన్నయ్యా,

ఆ గుండ్రటి అక్షరాలు నావి. నాకు ఆరేళ్లప్పుడు వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి నువ్వే దిద్దించావు. బాస్కమ్ కాక నువ్వు చూసి ఉంటే గుర్తుపట్టేవాడివి.

ఫిబ్రవరి ఆరున వచ్చింది ఆ కవరు. మైలో పనిలో ఉన్నాడు. విప్పి చదివి, పిండి డబ్బా అడుగున పెట్టాను. పిండి తీసినప్పుడల్లా దాన్ని పక్కకి జరిపాను. నాలుగో రోజు నీ నవంబరు ఉత్తరం తీసి మళ్లీ చదివాను. "అలాంటి పిలుపు వస్తే వాణ్ణి పంపకు." ఆ వాక్యం కింద నువ్వు గీత కూడా గీశావు. కూర్చుని జవాబు రాశాను, కింద వాడి పేరు పెట్టాను. ఆ సాయంత్రం వాడు ఉత్తరాలేమైనా వచ్చాయా అని అడిగితే, లేవు నాన్నా అన్నాను. నా కన్నకొడుకుతో. నువ్వు తెలియక చేశావు, ప్రూయిట్ తెలియక చేశాడు. నేను ఆ కాగితం చేత్తో పట్టుకుని చేశాను.

నీ ఉత్తరం నాకంటే ముందు మైలో చూశాడు. డ్యూటీ దిగి వస్తూ గేటు దగ్గర డబ్బా తీశాడు. నీ రాత చూసి ఆగలేకపోయినట్టుంది, అక్కడే నిలబడి విప్పాడు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. చివరిదాకా చదివి, మళ్లీ మొదటి పేజీకి తిప్పాడు. లోపలికొచ్చి కాగితాలు నా పళ్లెం పక్కన పెట్టి, చేతులు కడుక్కుని కూర్చున్నాడు. తినమన్నట్టు నావైపు చూశాడు. నేను చదివాను, వాడు తిన్నాడు. పోట్లాడితే బాగుండేది. పళ్లెం విసిరికొట్టినా బాగుండేది. "మైలో, ఆ ఉత్తరం..." అన్నాను. "డంప్లింగ్ ఇంకొకటి వెయ్యమ్మా" అన్నాడు.

తిన్నాక పళ్లెం కడిగి పెట్టి ఒకే ఒక్క మాట అన్నాడు. "అయితే మామయ్యకి నేనంటే ఇష్టమేనన్నమాట. ఏం తప్పు చేశానా అని ఏడాదినుంచి అనుకుంటున్నాను." అని కొంచెం నవ్వాడు కూడా. నాకు ఆ నవ్వు చూస్తే భయమేసింది.

క్రేచీ వాడి పేరు పర్మనెంటు జాబితాలో ఎక్కించాడు. షెడ్డు గోడ దగ్గర చప్పుడు లేదు. గ్లవ్ నేను దాచలేదు అన్నయ్యా, అది తలుపు వెనక మేకుకే ఉంది. వాడే దాని మీద కోటు తగిలిస్తున్నాడు.

నీ మీద నాకు కోపం లేదు. నా మీద నాకున్న కోపమే ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. నీ ఆఖరి సీజను అయ్యాక ఇక్కడికి రా. ఈసారి వాడితో మాట్లాడు. బాగున్నావా అని అడుగు చాలు, అంకెలు ఒద్దు. అంతవరకు వాడి పేరున నాలుగు మాటలు రాసి పడెయ్యి, వానల గురించో నీ మోకాళ్ల గురించో. వస్తే నేనే తీసి వాడి చేతికిస్తాను.

ఎందుకంటే పది రోజులైంది, వాడు గేటులోంచి వస్తూ ఆ డబ్బా వైపు చూడడం లేదు. ఉత్తరాలేమైనా వచ్చాయా అని అడగడం లేదు.

వ్లాస్తా